పంటి వైద్యం – భయ విముక్తి

పాఠ్యభాగ ఉద్దేశం

పన్ను నొప్పి తెలియనివారు అరుదు. ఆ నొప్పికి వైద్యం ఉన్నదని తెలిసికూడా భయంచేత వెనుకాడేవారు అనేకులు. ఆ భయం ఎట్లా పుడుతుంది, ఎట్లా పెరుగుతుంది, ఎట్లా తగ్గుతుంది అన్న విషయాలను సాహిత్యశాస్త్ర దృష్టితోను, వైద్యచరిత్ర దృష్టితోను, మనస్తత్వశాస్త్ర దృష్టితోను పరిశీలించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠ్యభాగం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని తెలుగువారి సామెత. ఈ సామెతలో నోరు అంటే మాట. కాని ఆ మాట స్పష్టంగా పలకడానికి ఆధారమైన పళ్లను గురించి ఆలోచించేవారు తక్కువ. త, థ, ద, ధ, న అనే అక్షరాలను వ్యాకర్తలు దంత్యాలన్నారు. నాలుక పంటిని తాకనిదే అవి పుట్టవు. సంస్కృతంలో లేని దంత్య చకార జకారాలు తెలుగులో ఉండడం మన భాష ప్రత్యేకత. ముందు పళ్లు ఊడిన వృద్ధుడు మాటాడినప్పుడు ఏ అక్షరాలు జారిపోతున్నాయో గమనిస్తే, పళ్లు ఆహారాన్ని నమలడానికి మాత్రమే కాక భాషకు కూడా పనిముట్లని తెలుస్తుంది.

ఇంతటి ఉపకారం చేసే పంటికి బాధ కలిగితే మనిషి చేసేదేమిటి? మొదట లవంగం పెట్టుకొంటాడు. తరువాత ఉప్పునీరు పుక్కిలిస్తాడు. ఆ తరువాత నొప్పి మాత్ర వేసుకొంటాడు. రెండవ వైపు పళ్లతో నమలడం అలవాటు చేసుకొంటాడు. దంతవైద్యుని పేరు మాత్రం అన్నిటికంటె చివర గుర్తుకు వస్తుంది. కాలు విరిగితే ఇంత ఆలస్యం చేయడు. జ్వరం వస్తే చేయడు. పంటి విషయంలోనే చేస్తాడు. దీనికి ప్రధాన కారణం భయం.

భయం – ఆందోళన

మన ఆలంకారికులు భావాలను ఎంతో సూక్ష్మంగా విభజించారు. భరతముని నాట్యశాస్త్రంలో భయానక రసానికి స్థాయిభావం భయమన్నాడు. స్థాయికి తోడుగా వచ్చిపోయే వ్యభిచారి భావాలు ముప్పది మూడింటిని పేర్కొంటూ, వాటిలో శంక, చింత, త్రాసం అనేవాటిని వేరువేరుగా చెప్పాడు. ఈ విభజన నేటికీ ఉపయోగపడుతుంది. ఎదురుగా పులి నిలిచినప్పుడు కలిగేది భయం. పొద కదిలినప్పుడు అందులో పులి ఉన్నదేమోనని తోచేది శంక. పులి లేని ఊరిలో పడుకొని, రేపటి ప్రయాణంలో పులి ఎదురైతే ఎట్లాగని నిద్ర మానుకొనడం చింత. దంతవైద్యశాలకు వెళ్లవలసినవారిని బాధించేది చాలవరకు ఈ శంకా చింతలే. నేటి మనస్తత్వశాస్త్రం వీటిని ఆందోళన అంటున్నది.

భావం మనసులో పుట్టినా దాని గుర్తులు శరీరంపై కనిపిస్తాయి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని వాటిని ఎనిమిది సాత్త్విక భావాలుగా భరతుడు లెక్కించాడు. దంతవైద్యశాలలో తన వంతుకోసం కాచుకొని కూర్చున్నవారిని చూస్తే ఈ ఎనిమిదింటిలో నాలుగైదు తప్పక కనబడతాయి. అరచేతులు చెమరుస్తాయి. గొంతు మారుతుంది. కాళ్లు వణుకుతాయి. ముఖం పాలిపోతుంది. కొందరు స్పృహ తప్పడం కూడా కలదు. అదే ప్రళయం.

ఈ మార్పులకు శారీరక కారణాన్ని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. ప్రమాదం ఎదురైనప్పుడు అడ్రినలిన్ అనే స్రావం రక్తంలో కలిసి, గుండె వేగాన్ని పెంచి, కండరాలను బిగించి, పోరాటానికో పలాయనానికో దేహాన్ని సిద్ధం చేస్తుంది. అడవిలో ఇది ప్రాణరక్షణ చేసే ఏర్పాటు. వైద్యుని కుర్చీలో పోరాడనూ వీలులేదు, పారిపోనూ వీలులేదు. అందుచేత ఆ సన్నాహమంతా లోపలే ఉండి మనిషిని పీడిస్తుంది. పైగా నొప్పికోసం ఎదురుచూసే మనసు చిన్న స్పర్శను కూడా నొప్పిగా గ్రహిస్తుంది. భయపడినవానికి నొప్పి ఎక్కువ. నొప్పి ఎక్కువైనవానికి భయం ఎక్కువ.

భయానికి మూలాలు

ఈ భయానికి మూలాలు ఒక్కటి కావు. మొదటిది స్వానుభవం. బాల్యంలో ఒకసారి పన్ను తీయించుకొన్నప్పుడు కలిగిన బాధ ఏండ్లు గడచినా మరపునకు రాదు. రెండవది పరానుభవం. తమకు ఏ బాధా కలగకపోయినా, ఇంటిలో పెద్దలు చెప్పుకొన్న మాటలు పిల్లల మనసులో నిలిచిపోతాయి. అల్లరి మానకపోతే సూది వేయిస్తామని బెదిరించే పెద్దలు తమకు తెలియకుండానే వైద్యుణ్ణి శిక్షకునిగా చిత్రిస్తున్నారు.

మూడవది నిస్సహాయత. వెల్లకిల పడుకొని, నోరు తెరచి, మాటాడలేని స్థితిలో ఉండవలసి రావడం ఎవరికైనా ఇబ్బందికరమే. నోటిలో జరుగుతున్నది కంటికి కనబడదు. కనబడనిదాన్ని ఊహ పెంచి చూపిస్తుంది. నాలుగవది సిగ్గు. పుచ్చిన పళ్లను, గార పట్టిన పళ్లను చూసి వైద్యుడు ఏమనుకొంటాడో, మందలిస్తాడేమోనని సంకోచించేవారున్నారు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు ప్రాంతంలో మొదట గుర్తించారు. తరువాతి కాలంలో నల్లగొండ ప్రాంతం ఆ వ్యాధికి పేరుపడింది. తాగిన నీటివల్ల పళ్లు గోధుమరంగుకు మారినవారు తమ తప్పేమీ లేకపోయినా నవ్వేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకొంటారు. ఇటువంటి సిగ్గు కూడా మనిషిని వైద్యునికి దూరం చేస్తుంది.

ఐదవది అపోహ. పైదవడ పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందన్న నమ్మకం మన పల్లెలలోనే కాదు, పట్టణాలలోనూ ఉన్నది. పంటికి, దవడకు స్పర్శజ్ఞానాన్ని కలిగించే నాడి వేరు. కంటికి చూపునిచ్చే నాడి వేరు. ఒకదానికి చికిత్స చేస్తే రెండవది చెడదు. పళ్లమీది గారను తీయిస్తే పళ్లు కదులుతాయన్నది మరొక అపోహ. గార పేరుకొని చిగురును దెబ్బతీసినందువల్ల పళ్లు అంతకుముందే వదులై ఉంటాయి. గార తొలగగానే ఆ వదులుతనం తెలుస్తుంది. దోషం గారది, దానిని తీసినవారిది కాదు. ఇక పంటిలో పురుగు ఉంటుందన్నది అనేక దేశాలలో ప్రచారంలో ఉండిన విశ్వాసం. మనం నేటికీ పురుగు పట్టిన పన్ను అంటున్నాము. ఫ్రెంచి వైద్యుడు పియరీ ఫోషార్ 1728లో ప్రకటించిన దంతవైద్య గ్రంథంలో ఈ విశ్వాసాన్ని తిరస్కరించాడు. నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరను ఆమ్లంగా మార్చడంవల్ల పన్ను పుచ్చుతుందని 1890లో డబ్ల్యు. డి. మిల్లర్ వివరించాడు.

ఒకప్పుడు భయం సకారణమే

నేటివారి భయం నిరాధారమని కొట్టివేయడం న్యాయం కాదు. దానికి సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాలలో, ఏడున్నర వేల నుండి తొమ్మిది వేల సంవత్సరాల పూర్వం నాటి తొమ్మిదిమంది మనుష్యుల పళ్లలో చెకుముకిరాతి పనిముట్టుతో తొలిచిన రంధ్రాలు పదకొండు పళ్లకు కనిపించాయని 2006లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. సుశ్రుతుడు తన సంహితలో అరువదియైదు ముఖరోగాలను లెక్కించి, కృమిదంతం మొదలైన దంతవ్యాధులను వర్ణించాడు. పంటిమీది గారను గీకడానికి దంతశంకువు అనే పరికరాన్ని చెప్పాడు. చికిత్స ప్రాచీనమే. కాని నొప్పి తెలియకుండా చికిత్స చేయడం మాత్రం చాల ఆలస్యంగా అలవడిన విద్య.

పదహారవ శతాబ్దిలో ఇంగ్లండును ఏలిన మొదటి ఎలిజబెత్ రాణికి పన్ను నొప్పి వచ్చింది. 1578లో ఆ నొప్పి ఆమెను రాత్రింబవళ్లు బాధించినా, పన్ను తీయించుకోవడానికి ఆమె సాహసించలేదు. అప్పుడు లండను బిషప్పు జాన్ ఐల్మర్, ఆ బాధ భరింపరానిది కాదని చూపడానికి ఆమె సమక్షంలో తన పన్నునే తీయించుకొన్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతున్నది. దానిని చూచిన తరువాతనే రాణి అంగీకరించిందట. రాజ్యాన్ని ఏలే ధైర్యం వేరు, పంటి వైద్యం చేయించుకొనే ధైర్యం వేరు అన్నమాట.

ఈ బాధనుండి మానవజాతికి విముక్తి కలిగించడానికి పూనుకొన్నవాడు ఒక దంతవైద్యుడే. ఆయన పేరు హోరేస్ వెల్స్. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో 1844 డిసెంబరు 10వ తేదీన నైట్రస్ ఆక్సైడ్ వాయువును వినోదంకోసం పీల్పించే ప్రదర్శనకు ఆయన వెళ్లాడు. ఆ వాయువు పీల్చిన ఒక వ్యక్తి ఆ మైకంలో కాలికి గాయం చేసుకొన్నాడు. కాని ఆ నొప్పి అతనికి తెలియలేదు. ప్రేక్షకులు నవ్వుకొని ఇళ్లకు వెళ్లారు. వెల్స్ మాత్రం ఆలోచించాడు. ఆ మరునాడే తాను రోగి కుర్చీలో కూర్చుండి, ఆ వాయువును పీల్చి, తోటి వైద్యునిచేత తన పన్ను తీయించుకొన్నాడు. నొప్పి తెలియలేదు. రోగులకు చేయదలచిన ప్రయోగాన్ని ఆయన మొదట తనమీద చేసుకొన్నాడు.

తరువాతి కథ విషాదకరం. 1845 జనవరిలో బోస్టన్ నగరంలో వెల్స్ ఈ పద్ధతిని వైద్య విద్యార్థుల ముందు ప్రదర్శించాడు. వాయువు చాలినంత అందకముందే సంచిని తొలగించడంవల్ల రోగి అరిచాడు. చూచినవారు ఇది మోసమని గేలిచేశారు. మరుసటి సంవత్సరం, 1846 అక్టోబరు 16న, వెల్స్ శిష్యుడూ సహచరుడూ అయిన విలియం మోర్టన్ అదే నగరంలోని మాసచూసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈథర్‌తో మత్తు కలిగించి, నొప్పిలేని శస్త్రచికిత్స సాధ్యమని లోకానికి చూపాడు. మోర్టన్ కూడా దంతవైద్యుడే. వెల్స్ 1848లో ముప్పదిమూడేండ్ల వయసులో, తనకు రావలసిన గుర్తింపు రాకుండానే మరణించాడు. అమెరికా దంతవైద్య సంఘం 1864లోను, అమెరికా వైద్య సంఘం 1870లోను ఆయన ప్రథమత్వాన్ని అంగీకరించాయి. నేడు ఏ ఆసుపత్రిలో ఏ శస్త్రచికిత్స నొప్పి లేకుండా జరిగినా, దాని వెనుక లోకం ఎక్కువగా భయపడే దంతవైద్యుల కృషి ఉన్నదని మరవరాదు.

ఆపైన మార్పులు వేగంగా వచ్చాయి. 1884లో కార్ల్ కోలర్ కంటికి మాత్రమే తిమ్మిరి కలిగించి చికిత్స చేయవచ్చునని నిరూపించాడు. దానితో మనిషిని స్పృహ తప్పించకుండా, అవసరమైనచోట మాత్రమే స్పర్శను ఆపే పద్ధతి మొదలైంది. 1905లో ప్రొకేయిన్ వాడుకలోకి వచ్చింది. స్వీడన్ శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన లిగ్నోకేయిన్‌ను నేటికీ దంతవైద్యులు వాడుతున్నారు. 1871లో కాలితో తొక్కి తిప్పే తొలుపుడు యంత్రం రాగా, 1957లో గాలివేగంతో నిమిషానికి సుమారు మూడు లక్షల చుట్లు తిరిగే యంత్రం వచ్చింది. చాలమందిని హడలగొట్టే ఆ సన్నని కూతధ్వని ఈ వేగంవల్ల వచ్చేదే. పని త్వరగా ముగియడానికి కారణమూ ఆ వేగమే. తాతల కాలపు భయానికి కారణం ఉన్నది. ఆ కారణం చాలవరకు తొలగిపోయింది. భయం మాత్రం వారసత్వంగా మిగిలింది.

విషవలయం

భయంచేత వైద్యాన్ని వాయిదా వేస్తే ఏమి జరుగుతుంది? ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరిన ఒక విద్యార్థికి దవడపంటిపై చిన్న నల్లని చుక్క కనిపించిందనుకొందాం. పంటి పైపొర పింగాణీ వంటిది. శరీరంలో దానికంటె గట్టి పదార్థం లేదు. దానిలో నాడులు లేవు కనుక ఆ దశలో నొప్పి ఉండదు. అప్పుడే వెళితే పుచ్చినంతవరకు తొలగించి, గుంటను పూడ్చి పంపుతారు. పని కొద్దిసేపటిది, ఖర్చు స్వల్పం. అతడు వెళ్లలేదు. కొన్ని నెలలకు పుచ్చు లోపలి పొరను చేరింది. చల్లని నీరు తాగితే జివ్వుమన్నది. రెండవ వైపు నమలడం ప్రారంభించాడు. రెండవ సంవత్సరపు పబ్లిక్ పరీక్షల నాటికి అది పంటి నడుమ ఉండే మెత్తని గుజ్జును చేరింది. రక్తనాళాలు, నాడులు ఉండేది అక్కడే. పడుకొన్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరగడంవల్ల ఈ నొప్పి రాత్రివేళ హెచ్చుతుంది. మరునాడు పరీక్ష. దవడ వాచింది. పుస్తకం తెరిచే స్థితి లేదు. తెల్లవారి వైద్యునివద్దకు పరుగెత్తితే, ఇప్పుడు చేయవలసినది రూట్ కెనాల్ చికిత్స, లేదా పన్ను తీయడం.

ఈ విద్యార్థి చివరకు ఏమనుకొంటాడు? పంటి వైద్యమంటే ఇంత బాధా అనుకొంటాడు. బాధకు కారణం వైద్యం కాదు, వాయిదా అని అతనికి తోచదు. అతని భయం మరింత బలపడుతుంది. మరొక పన్ను పుచ్చినప్పుడు మరింత ఆలస్యం చేస్తాడు. దీనినే విషవలయం అంటారు. గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. నిర్లక్ష్యం చేసిన పంటి చీము దవడ క్రిందికి, మెడలోనికి వ్యాపించి శ్వాసకు అడ్డుతగిలి ప్రాణాపాయం కలిగించడమూ కద్దు.

భయాన్ని జయించే మార్గాలు

ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట ఛేదించాలి. అందుకు శాస్త్రం చెప్పే మార్గాలు కష్టమైనవి కావు.

మొదటి మార్గం భయాన్ని దాచుకొనకపోవడం. కుర్చీలో కూర్చోగానే ‘నాకు భయంగా ఉన్నదండీ’ అని వైద్యునితో చెప్పడం చిన్నతనం కాదు. రోగి భయపడుతున్నాడని తెలిస్తే వైద్యుడు నెమ్మదిస్తాడు. ఈ భయాన్ని కొలవడానికి నార్మన్ కోరా అనే శాస్త్రవేత్త 1969లో నాలుగు ప్రశ్నల పట్టికను తయారుచేశాడు. తరువాత అది ఐదు ప్రశ్నలుగా మారింది. రేపు వెళ్లవలసి ఉంటే ఎట్లా అనిపిస్తుంది, సూది వేయబోతే ఎట్లా అనిపిస్తుంది వంటి ప్రశ్నలకు ఒకటినుండి ఐదువరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం పందొమ్మిది, అంతకు మించితే భయం తీవ్రంగా ఉన్నదని అర్థం. ఏ ప్రశ్నకు ఎక్కువ మార్కులు వచ్చాయో చూసుకొంటే తన భయం సూదికా, శబ్దానికా, నిరీక్షణకా అన్నది తేలుతుంది. పేరు తెలిసిన శత్రువును ఎదుర్కోవడం సులభం.

రెండవది ముందుగా తెలుసుకొనడం. చెప్పడం, చూపడం, చేయడం అనే మూడంచెల పద్ధతిని 1959 నుండి బాలల దంతవైద్యంలో పాటిస్తున్నారు. వైద్యుడు పరికరం పేరు చెప్పి, దానిని చూపి, ఆ తరువాతనే నోటిలో పెడతాడు. పెద్దలు కూడా ఈ పద్ధతిని కోరవచ్చు. సూది వేయడానికి ముందు చిగురుకు తిమ్మిరిమందు పూయించుకోవచ్చు. మందు పనిచేసిన తరువాత కూడా ఒత్తిడి తెలుస్తూనే ఉంటుంది. అది నొప్పి కాదని ముందే తెలిసినవారు కంగారుపడరు.

మూడవది సంకేతం. ఎడమచేయి ఎత్తితే వెంటనే పని ఆపాలని వైద్యునితో ముందుగా అనుకోవాలి. మాటాడలేని నిస్సహాయతకు ఇది విరుగుడు. తన చేతిలో ఆపే అధికారం ఉన్నదని తెలిసినవానికి ఆ అధికారాన్ని వినియోగించే అవసరం తరచుగా రాదు.

నాల్గవది శ్వాస. భయంలో ఊపిరి వడివడిగా, పైపైన సాగుతుంది. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటె ఎక్కువసేపు విడిచిపెట్టడం కొన్ని నిమిషాలు చేస్తే గుండె వేగం తగ్గుతుంది. పిడికిళ్లను, భుజాలను ఒకసారి గట్టిగా బిగించి వదలడం కూడా మేలు చేస్తుంది. మామూలు తిమ్మిరిసూదితో చేసే చికిత్సకు ఖాళీ కడుపుతో వెళ్లరాదు. తేలికగా తిని వెళితే కళ్లు తిరగడం తగ్గుతుంది. స్పృహను తగ్గించే మత్తు ఇవ్వవలసి ఉంటే మాత్రం ఉపవాసం విషయంలో వైద్యుడు చెప్పినట్లు చేయాలి.

ఐదవది మెట్టు మెట్టుగా ఎక్కడం. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త కుందేలును చూస్తే భయపడే పీటర్ అనే బాలుని విషయం ప్రకటించింది. ఆ బాలుడు తనకిష్టమైన పదార్థం తింటుండగా కుందేలును దూరంగా ఉంచి, దినదినమూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చింది. కొంతకాలానికి ఆ బాలుడు కుందేలును తాకగలిగాడు. ఈ మార్గాన్నే 1958లో జోసెఫ్ వోల్పే ఒక క్రమమైన చికిత్సగా తీర్చిదిద్దాడు. పంటి భయానికీ ఇది వర్తిస్తుంది. మొదటి రోజు మిత్రునికి తోడుగా వైద్యశాలకు వెళ్లి కూర్చుని రావచ్చు. మరొక రోజు కుర్చీలో కూర్చుని పళ్లు చూపించుకొని మాత్రమే రావచ్చు. తరువాత పళ్లు శుభ్రం చేయించుకోవచ్చు. పూడ్పించడం ఆపైమాట. ఏ మెట్టువద్ద భయం తగ్గలేదో ఆ మెట్టుపైన మరికొంత కాలం నిలవాలి. మధ్యలో దిగి పారిపోతే మాత్రం భయానికే గెలుపు. నొప్పి లేనప్పుడు రెండు మూడుసార్లు వెళ్లివచ్చినవానికి, ఎప్పుడో ఒకసారి నొప్పి కలిగినా అది భయంగా స్థిరపడదు.

ఆరవది తోడు. కుక్కలంటే భయపడే పిల్లలు, తమ ఈడు బాలుడు కుక్కతో ఆడుకోవడాన్ని చూసి ధైర్యం తెచ్చుకొన్నారని ఆల్బర్ట్ బాండురా 1967లో నిరూపించాడు. ఐల్మర్ బిషప్పు రాణికి చేసిన ఉపకారం ఇదే. ధైర్యస్థుని మాటలకంటె ధైర్యస్థుని చేత ఎక్కువ పనిచేస్తుంది.

ఇన్ని చేసినా భయం తగ్గనివారికి నైట్రస్ ఆక్సైడ్ వంటివాటితో మనసును శాంతపరచి చికిత్స చేసే సదుపాయం ఉన్నది. నాడు వెల్స్ పీల్చిన వాయువే నేడు నియమిత పరిమాణంలో, ఆక్సిజన్‌తో కలిపి ఇస్తున్నారు. మనస్తత్వ నిపుణుని సహాయం పొందడమూ తగినదే.

ఖర్చు గురించిన శంక కూడా కొందరిని ఆపుతుంది. హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప వంటిచోట్ల ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ తక్కువ ఖర్చుతో చికిత్స లభిస్తుంది. దారిప్రక్కన పళ్లు పీకేవారిని, కట్టుడు పళ్లు పెట్టేవారిని ఆశ్రయించడం ప్రమాదం. దంతవైద్యానికి అర్హత, నమోదు తప్పనిసరి అని మన దేశంలో 1948లోనే చట్టం వచ్చింది. దాని స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది.

విద్యార్థి కర్తవ్యం

పదిహేడేండ్లనుండి ఇరువదియైదేండ్ల లోపున వచ్చే చివరి దవడపళ్లను జ్ఞానదంతాలంటారు. జూనియర్ కళాశాల విద్యార్థులకు అవి తొంగిచూసే వయసు ఇదే. దవడలో చోటు చాలక అవి అడ్డంగా మొలిస్తే చిగురు వాచి, నోరు తెరవడం కష్టమవుతుంది. ఆ సమయంలో వైద్యునికి చూపించుకొని, ఎక్స్‌రే తీయించుకొంటే ఆ పన్ను ఉంచదగినదో తీయదగినదో తేలుతుంది. రోజుకు రెండుమార్లు, ముఖ్యంగా రాత్రి పడుకొనే ముందు పళ్లు తోముకొనడం, పంటికి అంటుకొనే తీపి పదార్థాలను మాటిమాటికి తినకపోవడం, గుట్కా జోలికి పోకపోవడం, నొప్పి లేకపోయినా అప్పుడప్పుడు వైద్యునికి చూపించుకొనడం పాటిస్తే భయపడవలసిన పెద్ద చికిత్సల అవసరమే చాలవరకు రాదు.

మసకచీకటిలో త్రాడును చూసి పామని భ్రమించడాన్ని వేదాంతులు రజ్జుసర్ప భ్రాంతి అన్నారు. భ్రమించినవానిని పిరికివాడని నిందిస్తే పాము పోదు. కళ్లు మూసుకొన్నా పోదు. దీపం తెచ్చి చూడాలి. దంతవైద్యుని గురించిన భయం ఇటువంటిదే. అయితే ఒక్క భేదం ఉన్నది. త్రాడును చూసి పారిపోయినవానికి కలిగే నష్టం లేదు. వైద్యుణ్ణి చూసి పారిపోయినవాని పన్ను మాత్రం ప్రతిదినమూ పుచ్చుతూనే ఉంటుంది. ఇంటిలో అన్నను, అక్కను చూసి నేర్చుకొనే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. ఈ తరం విద్యార్థి నిర్భయంగా ఆ కుర్చీలో కూర్చుంటే, తరువాతివారికి ఈ భయం వారసత్వంగా సంక్రమించదు.

కఠిన పదాలకు అర్థాలు

వ్యాకర్తలు = వ్యాకరణం రచించినవారు
ఆలంకారికులు = అలంకారశాస్త్రం తెలిసినవారు
స్వేదం = చెమట
స్వరభేదం = గొంతు మారడం
వేపథువు = వణుకు
వైవర్ణ్యం = ముఖం రంగు మారడం
ప్రళయం = (ఇక్కడ) స్పృహ తప్పడం
పలాయనం = పారిపోవడం
గార = పళ్లపై గట్టిగా పేరుకొనే మలినం
రజ్జువు = త్రాడు

ప్రశ్నలు – అభ్యాసాలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. దంతవైద్యం పట్ల భయానికి గల మూలాలను వివరించండి.
2. భయాన్ని జయించే మార్గాలను పాఠ్యభాగం ఆధారంగా విశదీకరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. హోరేస్ వెల్స్ కృషిని తెలపండి.
2. భయానికి, శంకకు, చింతకు గల భేదమేమిటి?
3. విషవలయం అనగానేమి? పాఠంలోని విద్యార్థి ఉదాహరణతో వివరించండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. బాధకు కారణం వైద్యం కాదు, వాయిదా.
2. పేరు తెలిసిన శత్రువును ఎదుర్కోవడం సులభం.

ఈ) విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి.
శంకా చింతలు, దంతవైద్యుడు, ముఖరోగాలు, ప్రాణాపాయం

ఉ) భాషా కార్యం
దంత్య చకారం, దంత్య జకారం వచ్చే తెలుగు పదాలను ఐదేసి చొప్పున సేకరించి, బిగ్గరగా పలికి, నాలుక ఎక్కడ తాకుతున్నదో గమనించి రాయండి.